పిలుపులోని మర్యాద

తెలుగువారి ఇళ్లలో అచ్చువేసిన శుభలేఖ ఒక్కటే పిలుపు అనిపించుకోదు. ఇంటికి వచ్చి, గడప దగ్గర నిలిచి, బొట్టు పెట్టి చెప్పినప్పుడే అది పిలుపు. ఈ మర్యాద పెళ్లిళ్లకు, పేరంటాలకు మాత్రమే సంబంధించినదని తలచడం సహజం. కాని కోస్తా తీరాన ఒక చిన్న పట్టణంలో, ప్రభుత్వ ఉన్నత పాఠశాల స్కౌట్ దళాన్ని నడిపే ఉపాధ్యాయునికి ఒక సాయంత్రపు ఏర్పాట్లలో ఇదే ముఖ్య ప్రశ్న అయింది.

ఆరుగురు మొదలు ఎనిమిది మంది వరకు కలిస్తే ఒక పెట్రోలు. అటువంటివి నాలుగు చేరితే 32 మందితో నిండు దళం. పదో తరగతి ముగించుకొని పెద్దపిల్లలు వెళ్లిపోగా ఈ పాఠశాలలో మిగిలినవారు 11 మంది. వచ్చే వేసవికి వారిలోనూ ఐదుగురు వెళ్లిపోతారు. కొత్తవారు చేరకపోతే పెట్రోలుకు నాయకుడుంటాడు గాని పెట్రోలు ఉండదు. అందువల్ల పిల్లలను, తల్లిదండ్రులను బడికి రప్పించి ఒక పరిచయ సభ జరపాలని ఆయన సంకల్పించారు.

మొదట సిద్ధమైన కార్యక్రమం అందరూ ఎరిగినదే: వేదిక, ముఖ్య అతిథి, పూలదండలు, రెండు ప్రసంగాలు, పిల్లల కవాతు, చివర క్యాంప్ ఫైర్. ఆ కాగితాన్ని ఆయన పెట్రోలు నాయకుల సభ ముందు ఉంచారు. స్కౌటింగ్‌లో దీనిని కోర్ట్ ఆఫ్ ఆనర్ అంటారు. దళం వ్యవహారాలను పిల్లలే చర్చించి నిర్ణయించుకోవడం దీని పద్ధతి. మత్స్యకారుల పేట నుంచి వచ్చే తొమ్మిదో తరగతి నాయకుడు కాగితం చదివి, "మా పేటవాళ్లు ఎవరూ రారండి మాస్టారూ" అన్నాడు.

"ఎందుకు రారురా?"

"కార్డు పంపితే అది మనకు కాదనుకుంటారండి. డ్రస్సు కొనమంటారేమోనని కూడా భయం."

ఆ చిన్న మాట వెనుక ఈ ఉద్యమపు చరిత్రలో ఒక భాగం ఉంది. 1907లో బేడెన్ పవెల్ బ్రౌన్‌సీ ద్వీపంలో జరిపిన తొలి శిబిరానికి సంపన్నుల పాఠశాలల బాలురను, శ్రామిక కుటుంబాల బాలురను కలిపి తీసుకువెళ్లారు. ఒకే గుడారంలో వారిని ఉంచడమే ఆ ప్రయోగపు విశేషం. అయినా 1909లో స్కౌటింగ్ బెంగుళూరులో అడుగుపెట్టినప్పుడు అది యూరోపియన్, ఆంగ్లో ఇండియన్ బాలురకే పరిమితమైంది. ఈ దేశపు పిల్లలకు ఆ తలుపు తెరుచుకోలేదు. అందుకే అనీ బిసెంట్, అరండేల్‌లు 1916లో మద్రాసు కేంద్రంగా భారతీయ బాలుర కోసం వేరొక సంఘాన్ని స్థాపించారు. 1918లో అలహాబాదులో మదన మోహన మాలవీయ, హృదయనాథ్ కుంజ్రూ, శ్రీరామ్ వాజపేయి సేవాసమితి స్కౌట్ సంఘాన్ని నిర్మించారు. స్వాతంత్ర్యానంతరం 1950 నవంబరు 7న ఈ పాయలన్నీ భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్‌గా ఏకమయ్యాయి. మరుసటి ఏడు ఆగస్టు 15న గైడ్ల సంఘం కూడా వచ్చి చేరింది. అంటే ఈ దేశంలో స్కౌటింగ్, పిలవబడనివారు తమకు తాముగా కట్టుకున్న ఇల్లు. ఆ ఇంట్లోకి పోవడానికి మరొక బాలుడు జంకుతున్నాడంటే ఆలోచించవలసినది ఇంటివారే.

అక్కడి నుంచి ప్రణాళిక మారసాగింది. తొలుత దుస్తుల మాట. చేరిన పిల్లవాడు ప్రవేశ్ పరీక్షకు ముందు కనీసం మూడు నెలలు అభ్యాసంలో గడపాలి. దీక్ష ఇచ్చి స్కార్ఫ్ కట్టేది ఆ తరువాతనే. కనుక మొదటి రోజున ఎవరూ ఏమీ కొననవసరం లేదు. వెళ్లిపోయిన పెద్దపిల్లల దుస్తులను ఉతికించి, కొలతల వారీగా బీరువాలో భద్రపరచాలని పిల్లలే తీర్మానించారు. ఎవరి చొక్కా ఎవరికి వెళ్లిందన్నది బయట చెప్పరాదన్న షరతు కూడా వారు పెట్టుకున్నదే.

తరువాత వేళ. సాయంత్రం నాలుగున్నర అధికారులకు అనుకూలం. కాని చేపల గంప దించి తల్లి ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టే వేళవుతుంది. ఏప్రిల్ 15 నుంచి 61 రోజుల వేట నిషేధకాలంలో తండ్రులు ఇంటిపట్టున దొరుకుతారు గాని అప్పుడు దాదాపుగా బడికి సెలవులు. చివరకు ఒక ఆదివారం రాత్రి ఏడు గంటలకు నిశ్చయమైంది. సభ ముగిశాక పేటవారి పిల్లలను ఇళ్ల దాకా ఎవరు దిగబెట్టాలన్నది కూడా కాగితంపైకి ఎక్కింది.

ముడుల ప్రదర్శన దగ్గర విశేషమైన మార్పు జరిగింది. క్లోవ్ హిచ్ అని పిల్లలు నేర్చే ముడితోనే పడవ తాడును గుంజకు కడతారు. ఆ విద్యలో ఆరితేరినవారి ముందు పిల్లలు దానిని ప్రదర్శించడం కంటె, ఆ పెద్దలనే ముందుకు పిలిచి కట్టి చూపించమని కోరడం ఉచితమని తేలింది. ప్రేక్షకులుగా రావలసినవారు ఆ విధంగా గురువులయ్యారు. ముఖ్య అతిథి కుర్చీ తనంత తానే తొలగిపోయింది.

ఎడమచేతి కరచాలనం మరొక చిక్కు. స్కౌట్లు పరస్పరం ఎడమచేయి కలుపుతారు. అది గుండెకు దగ్గరిదని చెబుతారు. ఎడమచేత్తో ఇచ్చిపుచ్చుకోవడం అమర్యాదగా ఎంచే ఇళ్లలో ఏ నాయనమ్మయినా దీనికి మందలించక మానదు. దానిని దాచవద్దనీ, పెద్దలకు రెండు చేతులా నమస్కరించి, తమలో తాము మాత్రం స్కౌట్ పద్ధతి పాటించి, అడిగినవారికి అర్థం చెప్పాలనీ నిర్ణయించారు.

అన్నింటికంటె కష్టమైన ప్రశ్న చివరిది. "దీనివల్ల ఏం వస్తుందండీ?" అని తండ్రులు అడుగుతారు. రైల్వేలలో స్కౌట్స్, గైడ్స్ కోటా కింద నియామకాలున్న మాట నిజమే. దానిని ముందు పెడితే ఆవరణ నిండుతుందని కొందరన్నారు. అడిగితే ఉన్నది ఉన్నట్లు చెప్పాలి గాని ఆశ చూపి పిలవరాదని ఉపాధ్యాయుడు పట్టుపట్టారు. రోజుకొక మంచిపని ప్రతిఫలం కోరకుండా చేయాలని నేర్పే సంఘం, ప్రతిఫలం పేరుతోనే తలుపు తెరిస్తే ఆ పాఠం మొదటి రోజునే తప్పిపోతుంది.

కార్డులు అచ్చు కాలేదు. పిల్లలు ఇద్దరిద్దరుగా వీధులు పంచుకున్నారు. బొట్టు పెట్టకపోయినా ప్రతి గడప దగ్గర నిలబడి, ఆ ఇంటి పిల్లవాణ్ణి పేరుపెట్టి పిలవాలన్నది వారి నియమం. ఆ ఆదివారం ఎందరు వస్తారో, దళం నిండుతుందో లేదో ఏ ప్రణాళికా ముందుగా చెప్పలేదు. అయితే రానివారు, తమను పిలవలేదన్న కారణంతో మాత్రం రాకుండా ఉండరు.