పాపం పందిదేనా?

గుంటూరులో హౌస్ సర్జన్‌గా ఉన్న రోజుల్లో ఫిట్స్ వచ్చిన ఒక అమ్మాయిని వార్డులో చేర్చారు. స్కాన్ తీస్తే మెదడులో చిన్న తిత్తి. పంది మాంసం వల్ల వచ్చే బద్దెపురుగు తిత్తి ఇదని పెద్ద డాక్టరుగారు అనగానే వాళ్లమ్మ ముఖం ఎర్రబడింది. "మా ఇంట్లో వెల్లుల్లి కూడా అడుగుపెట్టదండీ. పందేమిటి!"

ఆవిడ కోపం న్యాయమే. మేం సగం కథే చెప్పాం. సరిగా ఉడకని పంది మాంసం తిన్నవాళ్లకి పేగులో పురుగు పెరుగుతుంది. దాని గుడ్లు మలంతో బయటికొచ్చి, కడగని చేతుల ద్వారానో, ఆకుకూరల ద్వారానో, నీళ్ల ద్వారానో ఎవరి నోట్లో పడితే వాళ్ల మెదడులో తిత్తులు ఏర్పడవచ్చు. పంది ముఖం చూడని ఇళ్లలోనూ ఈ జబ్బు కనిపించేది అందుకే.

అమెరికా వచ్చాక ఆ పాఠం మళ్లీ పనికొచ్చింది. 2024లో ఫ్లోరిడా డాక్టర్లు ఒక కేసు ప్రచురించారు. 52 ఏళ్ల మనిషి, ఎప్పుడూ ఉండే తలనొప్పి ముదిరి వచ్చాడు. మెదడులో చాలాచోట్ల తిత్తులు. బేకన్‌ని సరిగా వేగకుండా మెత్తగా తినడం ఆయనకు ఏళ్లనాటి అలవాటు. ఆ మాంసంతో పేగులో పురుగు చేరి ఉంటుందనీ, చేతులు సరిగా కడుక్కోక దాని గుడ్లనే మింగి ఉంటాడనీ డాక్టర్ల అంచనా. ఇక్కడి ఫారాల పందుల్లో ఈ పురుగు చాలా అరుదు. అయినా ఆ వార్త చదివిన పేషెంట్లు వరసగా నన్ను అదే అడిగారు.

వాళ్లలో ఒకాయన రిటైరైన ట్రక్ డ్రైవరు. "నాకూ పురుగుందా డాక్టర్?" అన్నాడు. నేను ఆయన కాళ్లు చూస్తున్నాను. బొటనవేలితో నొక్కితే పడిన గుంట అలాగే ఉండిపోయింది. గుండె బలహీనపడి, ఒంట్లో నీరు చేరి, ఆ చలికాలంలో అప్పటికే రెండుసార్లు ఆసుపత్రిలో పడ్డాడు. ఉప్పు పూర్తిగా మానేశానన్నాడు. బల్ల మీద ఉప్పు సీసాయే లేదట. మరి పొద్దున ఏం తింటారంటే భార్య అందుకుంది: "గుడ్లు, నాలుగు ముక్కల బేకన్. పెళ్లయినప్పటి నుంచీ అంతే."

బేకన్ అంటే పంది పొట్ట మాంసాన్ని ఉప్పులో ఊరబెట్టి పొగబెట్టినది. ఫ్రిజ్‌లు లేని కాలంలో నిలవ కోసం పుట్టింది, మన ఆవకాయలాగే. వేగిన సన్నటి ముక్కలో 40 కేలరీలు, మూడు గ్రాముల ప్రొటీను, దాదాపు అంతే కొవ్వు. సోడియం బ్రాండును బట్టి 150 నుంచి 200 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. నాలుగు ముక్కలకి 600 పైమాటే. ఆయనకి రోజు మొత్తానికీ నేను రాసిచ్చింది 2,000. మధ్యాహ్నం తాగే డబ్బా సూపు సంగతి ఇంకా అడగనేలేదు. గుంటూరులో బీపీ పేషెంట్లు గుర్తొచ్చారు. "కూరలో ఉప్పు తగ్గించామండీ" అనేవారు. కంచం అంచున ఆవకాయ ముక్క మాత్రం ఉండాల్సిందే.

మరుసటిసారి ఆవిడ గర్వంగా ఒక ప్యాకెట్ తెచ్చింది. మీద 'అన్‌క్యూర్డ్' అని పెద్ద అక్షరాలు. వెనక చిన్న అక్షరాల్లో సెలరీ పొడి. సెలరీలోని నైట్రేట్ నుంచి వచ్చేదీ నైట్రైటే. అది బొటులిజం తెచ్చే క్రిమిని పెరగనివ్వదు, మాంసానికి గులాబీ రంగు నిలుపుతుంది. పెనం మీద మాడ్చితే మాత్రం క్యాన్సర్ కారకాలైన నైట్రోసమైన్లు పుడతాయి. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం ఇలాంటి నిలవ మాంసాలను పొగాకున్న జాబితాలోనే చేర్చింది. సాక్ష్యం అంత గట్టిదని దానర్థం, ప్రమాదం అంత పెద్దదని కాదు. రోజూ 50 గ్రాములు తింటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు 18 శాతం పెరుగుతుందని వాళ్ల లెక్క. నూటికి అయిదుగురికి వచ్చే చోట దాదాపు ఆరుగురికి వస్తుందన్నమాట.

"చిన్నప్పుడు మా డాక్టరే తినమనేవాడు," అన్నాడు పెద్దాయన. అబద్ధం కాకపోవచ్చు. 1920లలో ఎడ్వర్డ్ బెర్నేస్ అనే ప్రచార నిపుణుడు, ఒక కంపెనీ బేకన్ అమ్మిపెట్టడానికి, పొద్దున కడుపునిండా తినడం మంచిదేనా అని వేలమంది డాక్టర్లకు ఉత్తరాలు రాయించాడు. అవునన్నవాళ్ల మాటను పత్రికలకెక్కించాడు. ఆ ఫలహారం వెనక మా సంతకాలూ ఉన్నాయి కాబట్టి గొంతు పెంచలేకపోయాను.

ఆదివారం మాత్రం రెండు ముక్కలకి ఒప్పందం కుదిరింది. పచ్చి లేకుండా, మాడకుండా వేయించాలి. విప్పిన ప్యాకెట్ ఫ్రిజ్‌లో వారం దాటకూడదు. పచ్చి ముక్క తాకిన చేతుల్నీ చాకునీ సబ్బుతో కడగాలి.

వెళ్తూ వెళ్తూ ఆయన ఆగాడు. "మరి మీరు పొద్దున ఏం తింటారు?"

"ఇడ్లీ. ఆవిరి మీద ఉడికిస్తారు, చుక్క నూనె ఉండదు," అన్నాను. పక్కన ఏం వేసుకుంటానో చెప్పలేదు. ఊరి నుంచి ఎవరొచ్చినా అమ్మ వాళ్ల సూట్‌కేసులో ఆవకాయ పెట్టి పంపుతుంది. ఆ సీసా మీద సోడియం లెక్క రాసి ఉండదు.