మూగజీవి తరఫున ఓ ప్రశ్న

జాతకం లేని కుక్కకూ జ్యోతిషంలో చోటుంది. అయితే ఆ దారిలో అన్నిటికన్నా ముందు ఖర్చయ్యేది సమయం.

వీధిలోంచి తెచ్చుకున్న కుక్కపిల్లకు జాతకం ఉండదు. అది ఎప్పుడు పుట్టిందో, ఏ నక్షత్రమో ఎవరికీ తెలియదు. డబ్బు పెట్టి కొన్న లాబ్రడార్‌కు పుట్టిన తేదీ అయితే దొరుకుతుంది కానీ ఘడియలూ విఘడియలూ దొరకవు. అయినా అది రెండు పూటలు గిన్నె ముట్టకపోతే ఇంటిల్లిపాదికీ ముద్ద దిగదు. అప్పుడు కొందరు డాక్టర్‌కు ఫోన్ చేస్తారు. కొందరు జ్యోతిష్కుడికి చేస్తారు. ఇద్దరికీ చేసేవారూ ఉన్నారు.

జాతకం లేనివారి కోసం జ్యోతిషం ఏనాడో ఒక ఏర్పాటు చేసిపెట్టింది. దాని పేరు ప్రశ్న. పాశ్చాత్యులు హోరరీ అంటారు. పుట్టిన వేళతో పని లేదు. ప్రశ్న అడిగిన వేళకు గ్రహాలు ఎక్కడున్నాయో చూసి చక్రం వేస్తారు. తమిళనాడుకు చెందిన కె.ఎస్.కృష్ణమూర్తి (1908-1972) పద్ధతిలోనైతే అడిగేవారు 1 నుంచి 249 లోపు ఒక సంఖ్య చెబితే చాలు, లగ్నం అందులోంచే వస్తుంది. కుక్కకు బదులు యజమాని చెప్పినా చెల్లుతుంది. పని ఫోన్‌లోనే అయిపోతుంది.

ఈ విద్య కొత్తదేమీ కాదు. కేరళలో తలస్సేరి దగ్గరి ఎడక్కాడ్‌లో పనక్కాట్టు నంబూద్రి 'ప్రశ్నమార్గం' రాసింది 1649లో. అంతకు రెండేళ్ల ముందే లండన్‌లో విలియం లిల్లీ 'క్రిస్టియన్ ఆస్ట్రాలజీ'ని అచ్చువేశాడు. తప్పిపోయిన ఒక కుక్క కోసం వేసిన చక్రం అందులో ఉంది. నగరంలో ఏ వైపు వెతకాలి, అసలు దొరుకుతుందా అన్నవి అప్పటి ప్రశ్నలు. గొర్రెలు, పందుల్లాంటి చిన్న జంతువులకు లిల్లీ ఆరో ఇల్లు కేటాయించాడు. గుర్రాలు, ఎద్దుల్లాంటి పెద్దవాటికి పన్నెండోది. రోగానిదీ ఆరో ఇల్లే. మన దగ్గర కొందరు నాలుగో ఇంటిని, కొందరు ఆరో ఇంటిని చూస్తారు.

ప్రశ్నశాస్త్రంలో అన్నిటికన్నా ఆసక్తికరమైన పాత్ర దూతది. రోగి మంచం దిగలేడు కాబట్టి అతని తరఫున ఎవరో వస్తారు. ఆ వచ్చిన మనిషి ఎక్కడ నిలబడ్డాడు, దేన్ని తాకాడు, మొదట ఏ మాట అన్నాడు అన్నవి జ్యోతిష్కుడు గమనించాలి. ఒకప్పుడు వైద్యుడూ గమనించేవాడు. వాగ్భటుడి 'అష్టాంగ హృదయం'లో దూతను బట్టి రోగి పరిస్థితి ఊహించడం మీద ఒక అధ్యాయమే ఉంది. లిల్లీ కాలపు ఇంగ్లండ్‌లో రోగి మూత్రాన్ని వైద్యుడి దగ్గరకు తెచ్చిన వేళకు చక్రం వేసేవారు. ఇప్పుడు మనుషులు తమ జబ్బు తామే చెప్పుకుంటున్నారు. పసిపిల్లల్ని పక్కనబెడితే దూత అవసరం పూర్తిగా మిగిలింది మూగజీవాలకే.

సికింద్రాబాద్‌లోని ఒక కాలేజీ లెక్చరర్ అనుభవమే తీసుకోండి. ఆమె ఆడకుక్కకు ఎనిమిదేళ్లు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించలేదు. ఎదకొచ్చి వెళ్లిన నెలలోపే అది తిండి మానేసింది. నీళ్లు మాత్రం గిన్నెలకు గిన్నెలు తాగుతోంది. ఎండలు కదా అనుకున్నారు ఇంట్లోవాళ్లు. మూడో రోజు ఉదయం ఆమె తెలిసిన జ్యోతిష్కుడికి 108 అని సంఖ్య చెప్పారు. ఆయన లెక్కలు వేసి, పదకొండు రోజుల్లో లేచి తిరుగుతుందన్నారు. ఆమె మనసు కుదుటపడింది. ఎందుకైనా మంచిదని సాయంత్రం డాక్టర్‌కు కూడా చూపించారు. ఎదకొచ్చిన తేదీ ఇంట్లో క్యాలెండర్ మీద రాసి ఉండడంతో ఆమె ఠక్కున చెప్పగలిగారు. డాక్టర్ అనుమానం వెంటనే అటు మళ్లింది. స్కానింగ్‌లో గర్భసంచి నిండా చీము కనిపించింది. పయోమెట్రా. విషం రక్తంలోకి పాకితే ప్రాణాపాయం కాబట్టి ఆ రాత్రే ఆపరేషన్ చేయాలన్నారు డాక్టర్.

"పదకొండు రోజులు ఆగొచ్చా?" అని ఆమె అడిగారు.

"రేపటిదాకా ఆగినా నేను మాటివ్వలేనమ్మా" అన్నారాయన.

ఆమె సంతకం పెట్టారు. కుక్క బతికింది. సరిగ్గా పదకొండో రోజున కుట్లు తీయించుకుని ఇంటికొచ్చి గిన్నె ఖాళీ చేసింది. "చూశారా, జ్యోతిష్కుడు చెప్పినట్టే అయింది" అని ఆమె నేటికీ తోటి లెక్చరర్లకు చెబుతుంటారు.

ఆమె మాటలో అబద్ధం లేదు. ఫలితం నిజమైంది. దాన్ని నిజం చేసిన ఆపరేషన్ మాత్రం చక్రంలో లేదు. ప్రశ్నను పరీక్షకు పెట్టడంలో ఉన్న చిక్కు ఇదే. జాతకాలను పరీక్షించవచ్చు, పరీక్షించారు కూడా. ఖగోళ శాస్త్రవేత్త జయంత్ నార్లీకర్ బృందం 2008లో మహారాష్ట్రలో చదువులో చురుకైన పిల్లల జాతకాలను, బుద్ధిమాంద్యమున్న పిల్లల జాతకాలను కలిపేసి ఏది ఎవరిదో చెప్పమంది. 27 మంది జ్యోతిష్కులు తలా 40 జాతకాలు చూశారు. సగటున 46 శాతం సరిపోయాయి. బొమ్మా బొరుసూ వేసినా 50 దాకా వస్తాయి. ప్రశ్న సంగతి అలా కాదు. ఒక జబ్బుకు ఒకసారే అడుగుతారు. వైద్యం చేయించకపోతే ఏమయ్యేదో చూడడానికి రెండో కుక్క ఉండదు.

జ్యోతిషం శాస్త్రమా కాదా అన్న తగాదా న్యాయస్థానాలకూ ఎక్కింది. యూనివర్సిటీల్లో జ్యోతిష కోర్సులు పెట్టాలని 2001లో యూజీసీ నిర్ణయించినప్పుడు హైదరాబాద్‌లోని సీసీఎంబీ వ్యవస్థాపకుడు పి.ఎం.భార్గవ, మరికొందరు ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు వెళ్లారు. అక్కడ ఓడారు. 2004లో సుప్రీంకోర్టులోనూ అదే జరిగింది. కోర్టులు తేల్చింది కోర్సుల సంగతే. మంచం కింద ముడుచుకుని పడుకున్న కుక్క సంగతి ఇంటివాళ్లే తేల్చుకోవాలి.

చదువుకున్నవారు ఇలా ఎందుకు చేస్తారని ఆశ్చర్యపోవడం తేలిక. మన పశువైద్యం పాడి కోసం, సేద్యం కోసం పెరిగింది. పశువుల ఆస్పత్రి అన్న పేరులోనే ఆ సంగతి ఉంది. కుక్కలకు, పిల్లులకు రక్తపరీక్షలు, స్కానింగ్‌లు పెద్ద ఊళ్లలో తప్ప సులువుగా అందవు. అందిన చోట కూడా డాక్టర్ "రిపోర్టులు వచ్చాక చూద్దాం" అంటారు. జ్యోతిష్కుడు తేదీ చెబుతాడు. రాత్రంతా కుక్క మూలుగు వింటూ కూర్చున్న మనిషికి తేదీ ఎంత ఊరటో ఆ పరిస్థితిలో ఉన్నవారికే తెలుస్తుంది. ఆ ఊరటను వెక్కిరించనక్కర్లేదు.

కాకపోతే కొన్ని జబ్బులు తేదీ దాకా ఆగవు. 1970ల చివర్లో బయటపడి ప్రపంచమంతా పాకిన పార్వో వైరస్ కుక్కపిల్లల్ని వాంతులు, రక్తవిరేచనాలు మొదలైన రెండు మూడు రోజుల్లోనే పొట్టనపెట్టుకోగలదు. వేళకు సెలైన్ ఎక్కించి కనిపెట్టుకుని ఉంటే చాలావరకు బతుకుతాయి. పిల్లి నొప్పిని దాచుకుంటుంది. బొద్దుగా ఉన్న పిల్లి కొద్దిరోజులు తిండి మానేస్తే చాలు, కాలేయంలో కొవ్వు పేరుకుని ప్రాణం మీదికి వస్తుంది. కుక్క తీరు ఉన్నట్టుండి మారి, చొంగ కారుస్తూ, మింగలేకపోతుంటే రేబిస్‌ను అనుమానించాలి. అక్కడ ఆలస్యమైతే మూల్యం చెల్లించేది ఇంట్లో మనుషులు. కరిచిన చోటును సబ్బుతో కడిగి వెంటనే టీకాలు వేయించుకోవాలి. లక్షణాలు బయటపడ్డాక మనిషిని బతికించే మందు లేదు.

హోరరీ లెక్కలో ఒక విచిత్రం ఉంది. పెంపుడు జంతువుది ఆరో ఇల్లు అనుకుంటే, దాని జబ్బును అక్కడి నుంచి ఆరో ఇంట్లో, అంటే పదకొండో ఇంట్లో చూస్తారు. దాని మరణాన్ని అక్కడి నుంచి ఎనిమిదో ఇంట్లో చూడాలి. లెక్కపెట్టుకుంటూ వెళితే అది ఒకటో ఇల్లవుతుంది. ఒకటో ఇల్లు ప్రశ్న అడిగినవారిది. నమ్మకం లేనివారికి అది ఉత్త కూడిక. కానీ ముసలి కుక్కకు ఇంకో ఆపరేషన్ చేయించాలా, బాధ లేకుండా ఇంజెక్షన్‌తో సాగనంపాలా అని తేల్చుకోవాల్సి వచ్చినప్పుడు బరువు సరిగ్గా ఆ ఇంటి మీదే పడుతుంది. శని మీదో రాహువు మీదో వేసినా తిరిగి అక్కడికే వస్తుంది.

డాక్టర్ కూడా దూతనే అడుగుతాడు. చివరిసారి ఎప్పుడు తింది? ఎన్నిసార్లు వాంతి చేసుకుంది? మూత్రం ఏ రంగులో ఉంది? టీకాలు ఎప్పుడు వేయించారు? ఒంటి మీద పిడుదులు ఉన్నాయా? 1 నుంచి 249 లోపు ఏ సంఖ్య చెప్పినా చక్రం వస్తుంది. ఈ ప్రశ్నలకు మాత్రం దగ్గరుండి చూసినవారే జవాబు చెప్పగలరు.