ఉద్దానం డైరీ: కాఫీ, కిడ్నీ

ఏప్రిల్ 3, కాశీబుగ్గ

"ఏటి బాబూ, కాఫీ తాగితే కిడ్నీకి మంచిదని పేపర్లో ఏసినారు. నిజమేనేటి?" బస్టాండు పక్క హోటల్లో ఓ పెద్దాయన అడిగాడు. వజ్రపుకొత్తూరు వైపు మనిషి. తమ్ముడు డయాలసిస్ మీద ఉన్నాడు. ఇంకో ఊళ్లో ఇది కబుర్లలో కలిసిపోయే మాట. కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఈ ఉద్దానంలో ఇలాంటి వార్తని మందు చీటీలా చదువుకుంటారు. కనుక్కుని చెబుతానన్నాను.

ఏప్రిల్ 4

ఆ వార్తకి మూలం 2022లో అచ్చయిన ఆరిక్ అనే అధ్యయనం అయి ఉండాలి. అమెరికాలో నాలుగు ప్రాంతాల నుంచి 1980ల చివర్లో చేర్చుకున్నవారిలో 14,207 మంది వివరాలు, సుమారు 24 ఏళ్లవి, పరిశీలించారు. కిడ్నీ హఠాత్తుగా దెబ్బతినే ముప్పు కాఫీ తాగేవాళ్లలో 15 శాతం తక్కువగా కనబడింది. రోజూ రెండు మూడు కప్పులు తాగేవాళ్లలో ఇంకా తక్కువ.

హఠాత్తుగా తగిలే దెబ్బ వేరు, మన జబ్బు వేరు. ఇక్కడ కిడ్నీ ఏళ్ల తరబడి, నొప్పయినా తెలియకుండా పాడైపోతుంది. పైగా కాఫీ తాగే మనిషికి ఒక తిండి, ఒక పని, ఒక సంపాదన ఉంటాయి. ఎంత జాగ్రత్తగా లెక్కగట్టినా, మేలు చేసింది కాఫీయేనని ఇలాంటి అధ్యయనం తేల్చలేదు.

ఏప్రిల్ 5

కాఫీ మీద నింద కూడా ఇలాగే పడింది. మూత్రాశయ క్యాన్సర్‌కి కారణం కావచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 1991లో అంది. 2016లో ఆ మాట వెనక్కి తీసుకుంది. పాత అధ్యయనాల్లో కాఫీ బాగా తాగేవాళ్లు సిగరెట్లూ బాగా తాగేవాళ్లు కావడం ఒక చిక్కు. 65 డిగ్రీలు దాటిన వేడితో ఏ పానీయం తాగినా అన్నవాహికకి ముప్పు ఉండవచ్చని మాత్రం అప్పుడే చెప్పింది.

ఏప్రిల్ 9, పలాస

పెద్దాయన మళ్లీ కనబడ్డాడు. మందనుకుని తాగొద్దని, అలవాటుంటే భయపడొద్దని చెప్పాను. "మరి ఒంట్లో నీరు లాగీదా?" అన్నాడు. మంచి ప్రశ్న. కాఫీ అలవాటున్న 50 మంది మగవాళ్ల మీద బర్మింగ్‌హామ్‌లో చేసిన పరీక్ష 2014లో వెలువడింది. మితంగా తాగితే కాఫీకీ మంచినీళ్లకీ తేడా రాలేదు. కానీ వాళ్లు ఎండలో జీడితోట పని చేసినవాళ్లు కారు.

ఏప్రిల్ 12, కవిటి

ఇంటి చుట్టూ కొబ్బరిచెట్లు. 2018 తిత్లీ తుపానుకి కూలగా మిగిలినవి కొన్ని, తర్వాత నాటినవి కొన్ని. ఇంటాయనకి డయాలసిస్. బొండాం నీళ్లు తాగకూడదు, పొటాషియం ఎక్కువ. జీడిపప్పూ వద్దన్నారు. రోజుకి ఇన్ని నీళ్లేనని డాక్టరు రాసిచ్చిన కొలత ఒకటుంది. భార్య పొద్దున్నే ఆ కొలత సీసాలో పోస్తుంది. చిన్న స్టీలు గ్లాసుతో కాఫీ ఇచ్చే ముందు అదే గ్లాసుడు నీళ్లు సీసాలోంచి తీసేస్తుంది. నేనున్నంతసేపూ ఆయన ఆ కాఫీని గుక్క గుక్కగా తాగాడు. పొటాషియం కాఫీలోనూ ఉంది. అయినా ఆ ఒక్క గ్లాసు ఆయనకి మిగలాలనే నా కోరిక. ఎంతవరకు తాగొచ్చో డాక్టరే చెప్పాలి.

ఏప్రిల్ 15, టెక్కలి

డాక్టర్ టి. రవిరాజు బృందం అధ్యయనం 2019లో అచ్చయింది. ఉద్దానంలో పరీక్షించిన పెద్దవాళ్లలో 18 శాతం మందికి కిడ్నీ జబ్బు. అందులో ఎక్కువమందికి మధుమేహం లాంటి తెలిసిన కారణమే లేదు. నీళ్లలోని సిలికా, పురుగుమందులు, ఎండ, నొప్పి బిళ్లలు అన్నీ అనుమానాలే, ఏదీ రుజువు కాలేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆస్పత్రి మొదలయ్యాయి. హిరమండలం జలాశయం నుంచి తాగునీటికి పైపులు వేశారు. రెండూ కావలసినవే.

ఏప్రిల్ 16

అమెరికా వాళ్లు కాఫీ గురించి ఆ మాత్రం చెప్పగలిగింది అంతమందిని అన్నేళ్లు వదలకుండా చూసినందువల్లే. మనకీ అదే కావాలి. జబ్బు ఇంకా రాని పాతికేళ్ల వాళ్లని ఇప్పుడే చేర్చుకుని, తాగే నీళ్లు, చేసే పని, మింగే బిళ్లలు, టీ కాఫీలు అన్నీ రాసుకుంటూ ఇరవై ఏళ్లు చూడాలి. ప్రభుత్వం మారినా అది ఆగకూడదు. ఉద్దానం జనానికి నాదొక మనవి: ఇంటికొచ్చి రక్తం, మూత్రం అడిగేవాళ్లకి విసుక్కోకుండా ఇవ్వండి, ఆ ఫలితం ఏమిటో మీకు చెప్పాలని గట్టిగా అడగండి.