ఆపా వాళ్ల ఉత్తరం

మా ఇంట్లో సిపాయి ఉత్తరాలు రెండున్నాయి. రెండూ మా వాళ్లు రాసినవి కావు.

ధర్మాబాద్ దగ్గరి మా పల్లెలో, అటక మీది రేకుపెట్టెలో, పసుపు గుడ్డలో చుట్టి ఉండేవి. ఏటా దీపావళికి ఇంటికి సున్నం వేసేటప్పుడు నాయనమ్మ వాటిని కిందికి దించి, వాకిట్లో మంచం మీద కాసేపు ఎండనిచ్చి, మళ్లీ అలాగే చుట్టి పెట్టేది. ముట్టుకోబోతే చెయ్యి పక్కకు నెట్టేది. "మనవి కావురా, ఆపా వాళ్లవి" అనేది.

ఆపా అంటే మా పక్కింటి ముసలమ్మ. ఆమె కొడుకు నిజాం ఫౌజులో సిపాయి, ఔరంగాబాద్ ఛావణీలో ఉండేవాడు. ఆమెకు చదువు రాదు. మా తాతకు ఉర్దూ వచ్చు. అప్పటి బడి చదువంతా ఉర్దూలోనే కదా. మా ఇంట్లో తెలుగు, బజారులో మరాఠీ, కచేరీలో ఉర్దూ. ఇప్పుడు తెలంగాణలో ఉన్న బాసర, ముధోల్ ఆ రోజుల్లో నాందేడ్ జిల్లావే. ఇప్పుడు నాందేడ్ జిల్లాలో ఉన్న కిన్వట్ అప్పుడు ఆదిలాబాద్‌ది. 1956 నవంబరు 1న సరిహద్దు గీత మారింది. మనుషులు ఉన్నచోటే ఉన్నారు.

నిజాం రాజ్యానికి టపా కూడా సొంతమే. బిళ్లలు వేరు, రూపాయి వేరు. మన హాలీ సిక్కా ఏడు రూపాయలైతే సరిహద్దు అవతలి ఇండియా రూపాయి, కల్దారు, ఆరు. మా దగ్గరున్న కవరు మీద గోధుమరంగు అణా బిళ్ల, దాని మీద చార్మినారు బొమ్మ. జిగురు ఎండి ఒక మూల పైకి లేచింది. లోపల ఒకే కాగితం, నాలుగు మడతలు. మడతల దగ్గర దారాలు తేలినట్టు చిరిగి ఉంది. పైన ఫస్లీ తేదీ, అమర్దాద్ 1357. అంటే 1948 జూన్.

ఆ ఉత్తరంలో ఏముందో నాయనమ్మకు నోటికొచ్చు. తాత అరుగు మీద కూర్చుని చదువుతుంటే ఆపా గుంజకు ఆనుకుని వినేదట. ఒకసారి చదివితే చాలదు, మూడుసార్లు చదవాల్సిందే. అమ్మకు సలాం. ఇక్కడ గోధుమ రొట్టె పెడుతున్నారు, జొన్న రొట్టె మీద మనసుపోతోంది. ఎవరైనా వస్తుంటే మిరపకాయ తొక్కు పంపు. పదిహేను రూపాయలు మనియార్డరు చేశాను, అందాయా? మేక ఈనిందా? చివర్లో ఒక మాట. పక్కింటి తమ్ముడు ఎలా ఉన్నాడు, ఉత్తరం రాయడేం?

ఆ పక్కింటి తమ్ముడు మా చిన్నతాత. ఇద్దరూ ఒకే చెరువులో ఈత నేర్చుకున్నవాళ్లు. అప్పటికి చిన్నతాత ఊళ్లో లేడు. పైన్‌గంగ దాటి, బేరారు వైపు ఉమర్‌ఖేడ్‌లో, నిజాం పాలన మీద పోరాడుతున్న స్టేట్ కాంగ్రెస్ వాళ్లు నడుపుతున్న క్యాంపులో ఉన్నాడు. ఆ సంగతి మా ఇంటికి తెలుసు. ఆపాకూ తెలుసని నాయనమ్మ అనేది. తాత ఆ వాక్యం దగ్గర ఆగాడట. ఆపానే అందట, "చుట్టాలింటికి పోయాడని రాయి" అని. తాత జవాబులో అలాగే రాశాడు.

మా చిన్నతాత రాసినవి మాత్రం ఒక్కటీ లేవు. ఉండవు. అవతలి టపాలో వేస్తే కవరు మీద అవతలి బిళ్ల, అవతలి ముద్ర పడతాయి. ఆ ముద్ర ఒక్కటి చాలు, పోలీసులు ఇంటిమీద పడటానికి. అందుకని చిట్టీలు మనిషి చేతనే వచ్చేవి. గొంగడి అంచులో కుట్టుకునో, సద్దిమూటలో రొట్టెల మధ్య పెట్టుకునో తెచ్చేవాళ్లు. పేరుండదు, ఊరుండదు. "ఎద్దు కోలుకుంది" అంటే నేను బాగున్నాను అని. చదవగానే పొయ్యిలో వెయ్యాలి. నాయనమ్మ వేసేది. ఒక్కటైనా దాచుకోవాల్సిందని ముసలితనంలో చాలాసార్లు అనుకుంది.

తెచ్చినవాడు ఉత్త చేతులతో వెనక్కి పోడు. జొన్న రొట్టెలు, పల్లీలు, కారప్పొడి, పాత గొంగళ్లు. క్యాంపుకు సరఫరా అంటే ఇదే. ఇళ్ల ఆడవాళ్లు చీకటితో లేచి చేసిన రొట్టెలు. పొద్దుటిదాకా పొగ కనబడితే ఇంతమందికి వంట ఎందుకని ఎవరైనా అడుగుతారని భయం. ఒకవైపు లెవీ గల్లా కొలిచి సర్కారుకు ఇవ్వాలి, ఇంకోవైపు నిజాం పక్షాన ఆయుధాలు పట్టిన రజాకార్లు వచ్చి అడిగింది పెట్టాలి, మిగిలినదాంట్లోంచి ఈ మూట. ఉప్పు అసలు దొరికేది కాదు. సముద్రం లేని రాజ్యం మాది, బయటి నుంచి సరుకు రావడం తగ్గిపోగానే ముందు తెలిసింది ఉప్పు దగ్గరే. రొట్టెలో వేసే ఉప్పు తగ్గించి, ఆ చిటికెడూ మూటకట్టి పంపిందట నాయనమ్మ.

పెద్ద లెక్కలు వేరే నడిచాయి. సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా విమానచోదకుడు కరాచీ నుంచి రాత్రిళ్లు లాంకాస్ట్రియన్ విమానాల్లో నిజాంకు తుపాకులు చేరవేశాడు. బీదర్‌లో, వరంగల్‌లో దించేవాడు. ఇటు పోరాడేవాళ్లకు డబ్బు కావాలి. 1948 జనవరి 30న మా రైలు లైను మీదే ఉన్న ఉమ్రీలో హైదరాబాద్ స్టేట్ బ్యాంకు శాఖను వాళ్లు కొల్లగొట్టారు. ఇరవై లక్షల పైమాటేనని ఇప్పటికీ చెప్పుకుంటారు. గాంధీ గారిని కాల్చి చంపింది కూడా ఆ రోజే. మా ప్రాంతపు ముసలివాళ్ల జ్ఞాపకంలో ఆ రెండు కబుర్లూ విడదీయరానంతగా కలిసిపోయాయి.

సెప్టెంబరు 13న భారత సైన్యం కదిలింది. 17న నిజాం లొంగిపోతున్నట్టు ప్రకటించాడు. మరాఠ్వాడాలో ఏటా ఆ రోజు జెండా ఎగరేస్తాం. ఎగరేయాల్సిందే. మా చిన్నతాత లాంటివాళ్లు దానికోసమే ఇల్లు వదిలారు. కానీ ఆ తర్వాతి రోజుల గురించి కూడా చెప్పాలి. భారత ప్రభుత్వం పంపిన పండిత సుందర్‌లాల్ బృందం ఆ శీతాకాలంలోనే వచ్చి చూసి, రాజ్యం మొత్తం మీద 27 వేల నుంచి 40 వేల మంది దాకా చనిపోయి ఉంటారని అంచనా వేసింది. చనిపోయినవాళ్లలో అత్యధికులు ముస్లింలు. ఎక్కువ నష్టపోయిన నాలుగు జిల్లాల పేర్లు రాసింది. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్. ఆ నివేదికను దశాబ్దాల పాటు బయటపెట్టలేదు. మా ఊళ్లో ఏం జరిగిందో నాయనమ్మ ఎప్పుడూ పూర్తిగా చెప్పలేదు. మూడు రాత్రులు ఆపా మా గల్లా కొట్లో ఉందని మాత్రం చెప్పింది. నాలుగో రోజు తెల్లవారుజామున తాత ఎడ్లబండిలో ఆమెను ధర్మాబాద్ స్టేషనుకు తీసుకెళ్లి హైదరాబాద్ వైపు బండి ఎక్కించాడు. పోతూ పోతూ ఆపా ఆ కవరు నాయనమ్మ చేతిలో పెట్టింది. "దారిలో ఎవరైనా చూస్తే ఫౌజీ తల్లినని తెలిసిపోతుంది. దాచు, మళ్లీ వచ్చినప్పుడు తీసుకుంటా."

రెండో ఉత్తరం ఆ తర్వాత వచ్చింది. ఆ రోజుల్లో ఆగిపోయిన టపా మళ్లీ కదిలాక, టపా మనిషి పక్కింటికి తాళం చూసి తాతకు ఇచ్చాడు. అదే చేతిరాత. ఇన్నాళ్లూ వాళ్ల ఉత్తరాలు విప్పి చదివింది తాతే. కానీ ఇది విప్పలేదు. గుంజకు ఆనుకుని వినే మనిషి లేకుండా ఎలా చదువుతానన్నాడట.

చిన్నతాత అక్టోబరులో నడిచి వచ్చాడు. ముందు పక్కింటి తాళం చూశాడట, తర్వాతే మా గడప తొక్కాడు. ఉద్యమం గురించి అడిగితే ఎంతైనా చెప్పేవాడు, స్నేహితుడి గురించి అడిగితే లేచి పశువుల దగ్గరికి పోయేవాడు.

1950 ఏప్రిల్ 1న నిజాం టపా భారత తపాలాలో కలిసిపోయింది. కొన్నేళ్లకు హాలీ సిక్కా చెల్లకుండా పోయింది. ఆపా ఎక్కిన మీటరుగేజి బండి కూడా పోయింది, ఆ దారిలో ఇప్పుడు పెద్ద పట్టాలు. అన్నింటికంటే నాకు బాధగా తోచేది, ఉర్దూ చదివే తాతలు మా ఇళ్లలో లేకుండా పోవడం. మొదటి ఉత్తరాన్ని నాందేడ్‌లో ఒక విశ్రాంత ఉపాధ్యాయుడి చేత చదివించుకున్నాను. నాయనమ్మ చెప్పినదానికి ఒక్క మాట తేడా లేదు. రెండోది ఇవ్వబోతే ఆయన అటూ ఇటూ తిప్పి చూసి, విప్పకుండానే తిరిగి ఇచ్చేశారు.

మా పల్లెల్లో పాత ఇళ్లు విప్పుతున్నారు. అటకల మీద ఇలాంటి కాగితాలు దొరుకుతాయి. ఆ అక్షరాలు మనకు రావని పొయ్యిలో వెయ్యకండి, చదవగలిగేవాళ్లు ఇంకా ఉన్నారు. ఆపా మనవలో, మునిమనవలో ఎక్కడైనా ఉండి ఇది ఎవరైనా చదివి వినిపిస్తే, మీ నాయనమ్మకు వచ్చిన ఉత్తరం మా ఇంట్లో భద్రంగా ఉంది. వచ్చి తీసుకెళ్లండి.