గుండ్లు ఎక్కడి నుంచీ రాలేదు

మమ్మల్ని అడిగే మొదటి ప్రశ్న ఏమిటో మీకు తెలుసు. "మీరు ఎక్కడి నుంచి వచ్చారు?" అద్దె ఇల్లు చూడ్డానికి పోతాం. పేరు చెప్పగానే ఇంటాయన ముఖం మారుతుంది. ఆ వెంటనే ఈ ప్రశ్న. ఊరి పేరు చెప్తాం, మండలం పేరు చెప్తాం. "అది కాదండీ, అసలు ఎక్కడి నుంచి?" అంటాడు. తెలుగు ఎంత బాగా మాట్లాడుతున్నారో అని మెచ్చుకుంటాడు కూడా. మా నాయనమ్మలకు ఉర్దూ నాలుగు ముక్కలు రాదు. నమాజులో చదివే సూరాలు తప్ప వాళ్ల ఏడుపూ తిట్టూ జోలపాటా అన్నీ తెలుగే. అయినా మాకొక 'అసలు' ఉండాలి. అది అరేబియాలోనో ఇరాన్‌లోనో ఉండాలి.

హైదరాబాదు చుట్టూ ఉన్న గుట్టల్ని చూసిన కొత్తవాళ్లు కూడా ఇదే అడుగుతారు. ఏనుగంత గుండు, దాని మీద ఇంకో గుండు, దాని మీద మరొకటి. గట్టిగా గాలి వీస్తే దొర్లిపోయేట్టు ఉంటాయి. దొర్లవు. ఇంత బరువు ఎవరు మోసుకొచ్చారు, ఎవరు పేర్చారు? భీముడు ఆడుకుని వదిలేశాడని కొందరు చెప్పేవాళ్లు. జిన్నులు తెచ్చి పెట్టాయని మా ఇళ్లల్లో చెప్పేవాళ్లు. రెండు కథల్లోనూ రాయి బయటి నుంచే వచ్చింది, చూడండి.

నిజానికి ఎవరూ తేలేదు, ఎవరూ పేర్చలేదు. సుమారు 250 కోట్ల ఏళ్ల కిందట భూమి లోపల, చాలా లోతున, కరిగిన రాయి మెల్లగా చల్లారి గట్టిపడింది. అదే ఇక్కడి గ్రానైటు, కొన్నిచోట్ల బూడిద రంగు, కొన్నిచోట్ల గులాబీ రంగు. మీద ఉన్న పొరలు కోట్ల ఏళ్లలో అరిగి కొట్టుకుపోయాయి. మీది బరువు తగ్గేసరికి బండ పగుళ్లిచ్చింది, నిలువుగా కొన్ని, అడ్డంగా కొన్ని. ఆ పగుళ్లలోకి నీళ్లు దిగాయి. రాయి మూలల్ని నీళ్లు అన్ని పక్కల నుంచీ తింటాయి గనక మూలలే ముందు పోతాయి. నలుచదరంగా ఉన్న ముక్క గుండ్రమవుతుంది. కుళ్లిన భాగమే మనం రోడ్లకు పోసుకునే మొరం. వానలకు ఆ మొరం కొట్టుకుపోయాక లోపలి గట్టి గుండు బయటపడుతుంది, తన పక్కదాని మీదే కూచుని. అంటే పై గుండూ కింది గుండూ ఒకప్పుడు ఒకటే బండ. ఒకదాని మీద ఒకటి పెట్టింది కాదు. మధ్యలో ఉన్నది పోయింది, అంతే.

ఇది మొదటిసారి చదివినప్పుడు మాకు నవ్వొచ్చింది. మాలో చాలామంది తాతల తాతలు దూదేకినవాళ్లు, మగ్గం నేసినవాళ్లు, తోలుపని చేసినవాళ్లు. ఏ తరంలోనో కలిమా చదివారు. పేరు మారింది, శవాన్ని మట్టి చేసే తీరు మారింది, ఊరు మారలేదు. మీరు ఎక్కడి నుంచో దొర్లుకొచ్చారనుకుంటున్న మనిషి మీ పక్క మనిషే.

ఈ గుట్టల్లో మాకు బాగా దగ్గరిది మౌలాలి. హైదరాబాదుకు ఈశాన్యంగా ఉన్న ఒంటి బోడిగుట్ట. రైలు కిటికీలోంచి చూస్తే నేల మీద బోర్లించిన పెద్ద కాగులా కనపడుతుంది. ఐదువందలకు కాస్త తక్కువ మెట్లు ఎక్కాలి. దాని కథ ఇట్లా చెబుతారు. ఇబ్రహీం కుతుబ్ షా కొలువులో యాకూత్ అనే ఖోజా ఉండేవాడు. జబ్బు చేసి లాలాగూడలో పడి ఉండగా ఒక రాత్రి పచ్చని దుస్తుల మనిషి ఒకడు కలలోకి వచ్చి, మౌలా పిలుస్తున్నాడు రమ్మని తీసుకుపోయాడు. గుట్ట మీద హజ్రత్ అలీ ఒక రాతి మీద కుడి చెయ్యి ఆనించి కూచుని ఉన్నాడు. తెల్లారి లేచి ఆ చోటికి పోయి వెతికితే రాతి మీద చేతి గుర్తు దొరికింది. ఇది 1578లో జరిగిందంటారు. ఆ రజబ్ 17వ తేదీని ఇప్పటికీ ఉర్సుగా జరుపుకుంటారు.

అలీ దక్కనుకు ఎన్నడూ రాలేదు. మెట్లెక్కే వాళ్లందరికీ ఆ సంగతి తెలుసు. షియాలు ఎక్కుతారు, సున్నీలు ఎక్కుతారు, బొట్టు పెట్టుకున్న ఆడవాళ్లు చంకన పిల్లలతో ఎక్కుతారు. పైకొచ్చి దారం కట్టుకుని పోతారు. మావాళ్లలోనే కొందరు ఇదంతా షిర్కు అంటారు, దర్గాలు మానుకుని శుద్ధమైన ముసల్మానులు కమ్మంటారు. ఇటు చూస్తే మా శుద్ధికి అరేబియా కొలత, అటు చూస్తే మా పరాయితనానికీ అరేబియానే సాక్ష్యం. ఈ ఇద్దరూ ఎన్నడూ కలిసి కూచోరుగానీ మమ్మల్ని ఈ గుట్ట దించే పనిలో మాత్రం ఒకరికొకరు బాగా సాయపడతారు.

ఇంకో మాట. ఆ ఇబ్రహీం కుతుబ్ షానే తెలుగు కవులు మల్కిభరాముడన్నారు. రాజ్యానికి రాకముందు ఏడేళ్లు విజయనగరంలో తలదాచుకున్నవాడు. అద్దంకి గంగాధరకవి తన 'తపతీసంవరణోపాఖ్యానం' ఆయనకే అంకితమిచ్చాడు. అచ్చతెలుగులో మొదటి కావ్యంగా పేరుపడ్డ 'యయాతి చరిత్ర'ను పొన్నగంటి తెలగనార్యుడు అంకితమిచ్చింది పటాన్‌చెరు అమీన్‌ఖానుకు. అచ్చతెలుగు కావాలని ముచ్చటపడ్డ ఖాను సంగతి మా బడిపుస్తకాల్లో ఎందుకు రాలేదో ఎవరైనా చెప్పాలి.

అయితే ఇక్కడ మేం కొంచెం జాగ్రత్తగా ఉండాలి. రాయిలాగా ఇక్కడే పుట్టామని చెప్పుకోవడం బాగానే ఉంటుంది. మరి నిజంగా బయటి నుంచి వచ్చినవాళ్ల సంగతి? మౌలాలి గుట్ట అడుగునే మహ్ లఖా బాయి చందా సమాధి ఉంది. ఆమె 1768లో పుట్టింది, 1824లో పోయింది. ఉర్దూలో దీవాన్ కూర్చిన తొలితరం స్త్రీలలో ఒకతె. నిజాముల కొలువులో పాడింది, ఆడింది, వాళ్ల వెంట దండయాత్రలకు పోయింది. అమ్మమ్మ కుటుంబం గుజరాత్ నుంచి బతకలేక దక్కనుకు వచ్చింది. ఆమె కడుపులో ఉండగా తల్లి రాజ్ కున్వర్‌కు కష్టమైతే ఈ గుట్ట మీది దారమే కాపాడిందని చెబుతారు. తల్లిని ఇక్కడే మట్టి చేసి, చుట్టూ తోట వేసి, తానూ ఆ పక్కనే పడుకుంది. ఆమెది ఈ ఊరు కాదని ఎవరంటారు? 250 కోట్ల ఏళ్ల రుజువు చూపిస్తేనే ఉండనిస్తామంటే గుండ్లు తప్ప ఇక్కడ ఎవరూ మిగలరు.

మక్కా మసీదు పేరు వినగానే చాలామందికి మక్కానే గుర్తొస్తుంది. మక్కా నుంచి తెచ్చిన మట్టితో చేసిన ఇటుకలు కొన్ని అందులో ఉన్నాయంటారు, పేరు అందుకే వచ్చిందట. మసీదు ఒళ్లంతా మాత్రం ఇక్కడి గ్రానైటే. మహమ్మద్ కుతుబ్ షా మొదలుపెట్టించిన పని ఔరంగజేబు కాలంలో, 1694లో గానీ ముగియలేదు. చుట్టుపక్కల గుట్టల్లో కోసి తెచ్చిన ఆ రాళ్లను చెక్కినవాళ్ల పేర్లు ఎక్కడా లేవు. అందులో ఎంతమంది నమాజు చదివేవాళ్లో, ఎంతమంది మైసమ్మకు మొక్కేవాళ్లో ఎవరు లెక్క పెట్టారు?

ఇప్పుడా రాళ్లు పోతున్నాయి. బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ గుండ్లు మా కళ్లముందే బంగళాలయ్యాయి. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ లేచాక పడమటి వైపు గుట్టల్లో మందు పేలని రోజు లేదు. 1996లోనే కొందరు కలిసి సొసైటీ టు సేవ్ రాక్స్ పెట్టారు. హుడా తన వారసత్వ నిబంధనల్లో భవనాలతో పాటు కొన్ని రాళ్ల గుంపుల్ని కూడా చేర్చింది. 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది. కాగితం మీద ఉన్న గుట్టలన్నీ నేల మీద అట్లాగే ఉన్నాయని మాత్రం ఎవరూ అనలేరు.

మేం గమనించినదొకటి చెప్తాం. కొత్త కాలనీల్లో ఏ గుండు మిగిలిందో చూడండి. రంగు పడ్డది మిగులుతుంది. రాత్రికి రాత్రి ఒక గుండుకు కాషాయం పూస్తారు. నాలుగు రోజులకు ఎదురుగుండుకు పచ్చరంగు పడి మీద జెండా లేస్తుంది. రంగు పడనిది కంకరైపోతుంది. 1992 డిసెంబరు తర్వాత ఈ రంగు డబ్బాలు చూస్తే మాకు వెన్నులో వణుకు. ఖాజాగూడలో ఒకే గుట్టను ఆనుకుని ఫక్రుద్దీన్ ఔలియా దర్గా ఉంది, అనంతపద్మనాభస్వామి గుడి ఉంది. పక్కపక్కన ఉన్నందుకు రాయికేమీ కాలేదు.

క్రషర్లలో పనిచేసేది ఎవరో కూడా చెప్పాలి. తరాలుగా రాయి కొడుతున్న వడ్డెర్లు, వాళ్ల పక్కన మా పిల్లలు. రాయికి పొర ఎటు పోతుందో సుత్తె చప్పుడుతో చెప్పగల ముసలివాళ్లు వాళ్లలో ఉన్నారు. ఆ తెల్లదుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే మళ్లీ బయటికి రాదు. గుట్టల్ని కాపాడాలని సభలు పెట్టే పెద్దమనుషులు వీళ్ల కూలి గురించీ దగ్గు గురించీ ఒక తీర్మానం చేస్తే మేమూ చేతులెత్తుతాం.

గోల్కొండ పోయినప్పుడు గోడ వెంబడి నడిచి చూడండి. నాలుగైదు వందల ఏళ్ల నాటి మేస్త్రీలకు దారిలో గుండు అడ్డం వచ్చినచోట దాన్ని పగలగొట్టలేదు. గోడను గుండు దాకా తెచ్చి ఆపారు. అవతలి పక్క మళ్లీ మొదలుపెట్టారు. మధ్యలో ఆ కాస్త దూరం గుండే గోడ.