సెల్లార్‌లో శాక్సోఫోన్

బెజవాడలో జాజ్ క్లబ్ లేదు గానీ సెల్లార్లకి కొదవ లేదు. బళ్లు పెట్టుకోవడానికి, వానలు ముదిరితే మోటారు వేసి నీళ్లు తోడటానికి మనం వాటిని వాడతాం. ఈ ఆషాఢంలో రెండు ఆదివారాలు సింగ్‌నగర్‌లోని మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌కి ఇంకో పని పడింది. ఉయ్యూరు వైపు నుంచి ఒక శాక్సోఫోన్ మాస్టారు వస్తున్నారు. మైకు లేదు, డీజే లేదు, అసలు పెళ్లే లేదు. నలభై కుర్చీలు, ఆయన, పక్కన ఒక డోలు.

ఆషాఢమే ఎందుకంటే ముహూర్తాలు ఉండవు కాబట్టి. ఒకటో తారీఖున జీతం పడే మనకి శూన్యమాసం అంటే పెద్దవాళ్ల పట్టింపు. మేళం వాళ్లకి మాత్రం కిరాణా కొట్లో అప్పు పెరిగే నెల.

ఆయన్ని నేను మొదట విన్నది మా చుట్టాల పెళ్లిలో. విన్నాను అనడం కూడా పెద్ద మాటే. ఓ పక్క డీజే బాక్సులు, ఇంకో పక్క డ్రోన్ కెమెరా. ఈలోగా కరెంటు పోయింది. జనరేటర్ అందుకోవడానికి పట్టిన రెండు మూడు నిమిషాల్లో పందిట్లో మిగిలిన సంగీతం ఆయనదొక్కటే. ఊపిరి తీసుకోవడం వినిపించింది. కీల మీద వేళ్లు పడుతుంటే టకటకమన్న చిన్న చప్పుడు కూడా వినిపించింది. హెడ్‌ఫోన్స్‌కి ఎంత ఖర్చు పెట్టినా నాకు అది ఎప్పుడూ దొరకలేదు.

న్యూయార్క్‌లో విలేజ్ వాన్‌గార్డ్ అని ఒక క్లబ్ ఉంది. 1935లో పెట్టారు. మెట్లు దిగి వెళ్లాలి, అది కూడా నేలమాళిగే. పట్టేది 123 మంది. మన కల్యాణ మండపంలో ఒక్క బంతికి కూర్చునే జనం కంటే తక్కువ. 1961 నవంబర్‌లో జాన్ కోల్ట్రేన్ అక్కడ కొన్ని రాత్రులు వాయించినప్పుడు రికార్డు చేశారు. అందులో ఒక ముక్క పేరు ‘ఇండియా’. ఇంకోటి ‘చేజిన్ ద ట్రేన్’. దాదాపు 16 నిమిషాలు శాక్సోఫోన్ ఆగకుండా పరిగెడుతుంది. మొదటిసారి వింటే గోలలా ఉంటుంది, నిజమే చెబుతున్నా. మూడోసారికి నాకు అర్థమైంది ఒకటే. ఆ గదిలో ఆయన్ని ఆపేవాళ్లు ఎవరూ లేరు.

మన మాస్టారిని మాత్రం ముప్పై ఏళ్లుగా ఆపుతూనే ఉన్నారు. మోహన రాగం ఎత్తుకుని, ఇప్పుడిప్పుడే ఒక దారిలో పడుతుండగా పురోహితుడు చెయ్యెత్తుతారు. గట్టిమేళం! ఎక్కడున్నా వదిలేసి అందుకోవాల్సిందే. మళ్లీ మొదలుపెడితే ఎవరో వచ్చి సినిమా పాట అడుగుతారు. తప్పని అనను, పెళ్లి పెళ్లే. కానీ పూర్తిగా వాయించిన రాగం ఏదైనా ఉందా అని అడిగితే ఆయన, “ఇంట్లో ఉంది” అన్నారు.

ఇది విదేశీ వాయిద్యం కదా, రాగం పలుకుతుందా అని మా ఫ్లాట్స్‌లో ఒక అంకుల్ అడిగారు. కద్రి గోపాల్‌నాథ్ పేరు చెప్పాను. 1994లో వచ్చిన ‘డ్యూయెట్’ సినిమాలో రెహమాన్ పాటల్లో వినిపించే శాక్సోఫోన్ ఆయనదే అనేసరికి అంకుల్ కాస్త మెత్తబడ్డారు. మంగళూరు వైపు నాదస్వర విద్వాంసుడి కొడుకాయన. మైసూరు ప్యాలెస్ బ్యాండ్‌లో శాక్సోఫోన్ విని దాని వెంట పడ్డారు. దాని కీలు స్వరాన్ని మెట్టు మెట్టుగా పలికిస్తాయి. మన గమకానికేమో మెట్టుకీ మెట్టుకీ మధ్య జారుడు కావాలి. ఆయన వాయిద్యానికి మార్పులు చేయించుకున్నారు, మిగతాది పెదవితో, ఊపిరితో సాధించారు. 1994లోనే లండన్‌లో బీబీసీ ప్రామ్స్‌లో కచేరీ చేశారు. 2019లో పోయారు. కర్ణాటక సంగీతం వాయిస్తున్నారంటే అందులో ఎక్కువ భాగం త్యాగరాజు తెలుగే కదా, మాటలు లేకుండా.

అసోసియేషన్‌లో అసలు గొడవ రాగం గురించి కాదు, నీళ్ల గురించి. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వచ్చినప్పుడు ఈ సెల్లార్ మొత్తం మునిగింది. స్తంభాల మీద ఆ గీత రెండుసార్లు రంగేసినా పోలేదు. వానాకాలంలో కిందికి జనాన్ని పిలుస్తావా అన్నారు. న్యాయమైన ప్రశ్నే. పెద్ద వాన పడితే ఆ ఆదివారం మానేస్తాం, మెట్ల దారి ఖాళీగా ఉంచుతాం అని రాసిచ్చాకే ఒప్పుకున్నారు. కాంక్రీటు పైకప్పుకి శబ్దం తగిలి మోగిపోతోంది. అందుకని షామియానా వాళ్ల దగ్గర దళసరి పరదాలు తెచ్చి మూడు వైపులా కట్టి చూశాం, చాలావరకు తగ్గింది.

టికెట్ 200 రూపాయలు. కుర్చీల అద్దె మేమే నలుగురం వేసుకుంటున్నాం, వచ్చిందంతా వాయించే ఇద్దరికే. కుర్చీలన్నీ నిండితే రెండు వారాలకి 16,000. పెళ్లిళ్ల సీజన్‌తో పోలిస్తే ఎంతో కాదు, కానీ ఆషాఢంలో వచ్చే డబ్బు. మొన్నటికి పందొమ్మిది మంది కట్టారు. అందులో ఏడుగురు మా ఆఫీసు వాళ్లే. పాస్తాకి నాలుగొందలు పెట్టే మనం దీనికి రెండొందలు పెట్టమా అని గ్రూపులో మెసేజ్ పెట్టి, మరీ బెదిరింపులా ఉందని తీసేశాను.

మాస్టారు పోయిన వారం వచ్చి సెల్లార్ చూసుకున్నారు. ఒక స్తంభం పక్కన నిలబడి ఒక్క స్వరం ఊది, అది చచ్చేదాకా విన్నారు. కుర్చీలు ఇంకా దగ్గరికి జరపమన్నారు.

“భోజనాలు లేకుండా వినడానికే వస్తారా అబ్బాయ్ జనం?”

“వస్తారు మాస్టారూ.”

“మధ్యలో ఎవరూ గట్టిమేళం అనరుగా?”

అనరని చెప్పాను. మొదటి ఆదివారం మోహనతోనే మొదలుపెడతారట. ఎంతసేపో చెప్పలేదు, నేనూ అడగలేదు. నీళ్ల మోటారు ఆటోమేటిక్ స్విచ్ మాత్రం ఆ రెండు గంటలు ఆపించాలి. వాచ్‌మన్‌కి ఇప్పటికే రెండుసార్లు గుర్తు చేశాను.