మావయ్య గ్రామఫోను

2023 నవంబరులో ఛత్తీస్‌గఢ్ ఎన్నికలు రెండు విడతలుగా జరిగాయి. 7న ఒకటి, 17న మరొకటి. మొదటి విడత కోసం వారం రోజులు కాంకేర్ పల్లెలు తిరిగి, రాయపూర్‌లో మా మేనమామ ఇంట దిగాను. ఆయన అక్కడి రైల్వే వ్యాగన్ రిపేర్ షాపులో పనిచేసి విరమించారు. తాతయ్యదీ రైల్వే కొలువే. ఊరు మారకుండానే ఆ కుటుంబం మూడు రాజధానులు చూసింది: నాగపూర్, 1956 నుంచి భోపాల్, 2000 నుంచి రాయపూర్. మూడు రాజధానులంటే మనకు వేరే కథ గుర్తుకొస్తుంది. దాన్ని ఇవాళ్టికి వదిలేద్దాం.

తాతయ్య మిగిల్చిన ఆస్తి ఒక హెచ్‌.ఎం.వి. 102 గ్రామఫోను. 1931లో వచ్చిన పెట్టె నమూనా. పాట మధ్యలో లోపల ధన్‌మని చప్పుడు, వెంటనే గొంతు సాగిపోవడం. స్ప్రింగు తెగింది, కరెంటు మోటారు పెట్టించుకోండి అని ఒక దుకాణంవారు చెప్పారట. నేను నమ్మేశాను. నిపుణుడి తీర్పును పరీక్షించకుండా అచ్చువేయడం మా వృత్తికి పాత జబ్బు. మావయ్య నమ్మలేదు.

"తెగిన స్ప్రింగైతే కీ ఇస్తే పట్టదురా అల్లుడూ. ఇది పడుతోంది."

ముందు పళ్లెం తిరగనిచ్చి బిగువంతా దించారు. తోలు తొడుగులు వేసుకుని స్ప్రింగును కొద్దికొద్దిగా బయటికి తీశారు. అది ఒక్కసారి చేజారితే వేళ్లు తెగుతాయి. ఏనాటి గ్రీజో తారులా గడ్డకట్టి ఉంది. అంటుకున్న చుట్లు ఉన్నట్టుండి విడిపోవడమే ఆ ధన్. కిరోసిన్‌తో కడిగి, గ్రాఫైటు గ్రీజు పూశాం. తరువాత గవర్నరుకు నూనె. దానికి మూడు బరువులు. వేగం హెచ్చితే అవి విచ్చుకుని ఒక చక్రాన్ని మెత్తకు రాయిస్తాయి, వేగం తగ్గుతుంది. అంత క్రమంగా హద్దులో ఉండే గవర్నరును రాజకీయాలలో నేను అరుదుగా చూశాను. రికార్డు కింద చీటీ ముక్క పెట్టి, నిమిషానికి 78 చుట్లు లెక్కపెట్టాం.

రికార్డు తుడవడానికి నేను స్పిరిటు సీసా తెచ్చాను. ఆయన చప్పున నా చెయ్యి పట్టుకున్నారు. ఆ నల్ల పళ్లెం షెల్లాక్, అంటే లక్క. వడ్రంగులు స్పిరిటులో కరిగించి బీరువాలకు పాలిష్ పెట్టేది దాన్నే. ఒక్క తుడుపుతో గాళ్లు చెరిగిపోయేవి. మోదుగ, రేగు కొమ్మల మీద పురుగు కట్టే ఆ లక్కను గీకి అమ్ముకునేవారు నేను తిరిగివచ్చిన పల్లెలలోనే ఉన్నారు. ఓటు ఎవరికని వాళ్లను అడిగాను. లక్క ధర ఎంత పలుకుతోందని అడగలేదు.

కాస్త తడిపిన గుడ్డతో తుడిచి, కొత్త ఉక్కు ముల్లు బిగించారు. ఒక ముల్లు ఒక వైపుకే. అరిగినది గాడిని తొలిచేస్తుంది. సూర్యకుమారి పాడిన 'మా తెలుగు తల్లికి' చివరిదాకా ఒకే వేగంతో సాగింది. మావయ్య ఏమీ అనలేదు. ముల్లు తీసి డబ్బాలో పడేసి, రెండో వైపుకు కీ నన్ను ఇవ్వమన్నారు.